కూర్చుని చేసే యుద్ధం

పని లేని మాటలకు తెలుగులో పేర్లకు కొదవ లేదు. ఊసుపోక కబుర్లు, పోచికోలు కబుర్లు, లోకాభిరామాయణం, పిచ్చాపాటీ, బాతాఖానీ. వీటిలో ఒక్కటైనా మెప్పుగా వాడే మాట కాదు. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనం ఈ విషయంలో సనాతనుల కన్న ఒక ఆకు ఎక్కువే చదివాం. కబుర్లు హరినామస్మరణకు అడ్డం వస్తాయని వాళ్లు నిందించారు, ఉద్యమానికి అడ్డం వస్తాయని మనం నిందిస్తాం. నింద మాత్రం ఒకటే: మనిషి మాట్లాడితే దానికో ప్రయోజనం వుండాలి.

నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. దేశం తగలబడి, అయినవాళ్లు నాలుగు ఖండాల్లో చెల్లాచెదరైన మనిషి రోజూ సాయంత్రం రెండు గంటలు స్నేహితులతో పరాచికాలాడుతూ గడిపితే అది నైతికంగా తప్పా, కాదా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో తగల్లేదు. తత్వశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయిన తర్వాత టోలీచౌకీలో ఒక చాయ్ హోటల్లో తగిలింది.

హైదరాబాదులో టోలీచౌకీ, పారమౌంట్ కాలనీ ప్రాంతంలో చాలాకాలంగా సోమాలీ విద్యార్థులు వుంటున్నారు. డిగ్రీలకు వస్తారు. కొందరు తల్లినో తండ్రినో వైద్యానికి వెంటబెట్టుకొస్తారు. సాయంత్రం ఆరయ్యేసరికి అయిదారుగురు ఆ హోటల్లో ఒక బల్ల చుట్టూ చేరతారు. ఫోనును పంచదార డబ్బాకు ఆనించి నిలబెడతారు. అందులోనుంచి మరో నలుగురి గొంతులు వినిపిస్తుంటాయి. ఒకడు అమెరికాలో మినియాపోలిస్‌లో లారీ నడుపుతాడు, వాడికి అప్పుడే తెల్లవారుతుంటుంది. ఒకడికి నైరోబీలో ఈస్ట్‌లీ బజారులో బట్టల దుకాణం. మరొకడు బ్రిటన్‌లో కార్డిఫ్‌లో వుంటాడు. వీళ్లంతా ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టే ఒకళ్ల మాటకు ఒకళ్లు అడ్డం పడుతూ అరుచుకుంటారు, నవ్వుకుంటారు.

ఏం మాట్లాడుకుంటున్నారని వాళ్లలో పొడుగాటి కుర్రవాణ్ణి అడిగితే ఇంగ్లీషులో చెప్పేవాడు. ఒక రోజు మినియాపోలిస్‌వాడి బట్టతల. ఒక రోజు కార్డిఫ్‌వాడికి ఒంటె పాలు పితకటం వచ్చా రాదా అన్న వివాదం. వాడు పుట్టి బుద్ధెరిగి ఒంటెను జంతు ప్రదర్శనశాలలో తప్ప చూడలేదని తేలింది. ఒక రోజు మా హోటలు చాయ్‌లో ఏలకులు లేకపోవటం. ఏలకులూ దాల్చినచెక్కా లేనిదాన్ని వాళ్లు చాయ్ కింద జమకట్టరు. నైరోబీవాడి పెళ్లి నాలుగోసారి వాయిదా పడటం వారం రోజులు నడిచింది.

నాకు కోపం వచ్చేది. మనదికాని దేశాన్ని గురించి మనకు వచ్చే కోపం చవకైనదని ఇప్పుడు తెలుస్తున్నది గాని అప్పుడు తెలియలేదు. ఒకసారి వుండబట్టలేక, "మీ దేశంలో ఇంత జరుగుతుంటే మీకీ నవ్వులెట్లా వస్తాయయ్యా?" అని అడిగాను. పొడుగాటి కుర్రవాడు నొచ్చుకోలేదు. "మేం యుద్ధమే చేస్తున్నాం సర్" అన్నాడు. ఇట్లా టీ దుకాణాల్లో చేరి వాదించుకోటానికి సోమాలీలో 'ఫడి కు దిరిర్' అని పేరున్నదట. కూర్చుని పోరాడటం అని అర్థం. మొదట అది ఎగతాళి మాటే. చేసేదేమీ లేకపోయినా చాయ్ గ్లాసు ముందు దేశాన్ని ఏలేవాళ్లను వాళ్ల భార్యలూ తల్లులూ పెట్టిన తిట్టు. కబుర్ల మీద నింద వాళ్ల భాషలోనూ వున్నదన్నమాట. కాని ఆ తిట్టు పడ్డవాళ్లు దాన్నే బిరుదుగా తగిలించుకుని తిరుగుతున్నారు.

మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ సోమరితనం మనిషి హక్కు అని 1880లో ఒక పుస్తకం రాశాడు. నా ప్రశ్నకు అది సమాధానం కాదు. పన్నెండు గంటలు ఫ్యాక్టరీలో నలిగేవాడికి తీరిక కావాలనటంలో వింత లేదు. శరణార్థికి కొన్నిసార్లు తీరిక తప్ప మరేమీ వుండదు. కెన్యాలో దదాబ్ శిబిరాలను 1991–92లో 90,000 మంది కోసం కట్టారు. 2011 కరవు నాటికి అక్కడ నాలుగు లక్షలకు పైగా జనం వున్నారు. అక్కడే పుట్టి, అక్కడే పెళ్లాడి, అక్కడే పిల్లల్ని కన్నవాళ్లున్నారు. శిబిరం దాటి పోయి పని చేసుకునే హక్కు వాళ్లకు లేదు. అటువంటి చోట తీరిక ఒక శిక్ష.

బ్రెఖ్ట్ దగ్గర కొంత వెలుగు దొరుకుతుంది. హిట్లర్‌నుంచి పారిపోయి ఫిన్లండులో తలదాచుకున్న రోజుల్లో ఆయన ఇద్దరు జర్మన్ శరణార్థుల సంభాషణలు రాశాడు. ఒకడు భౌతికశాస్త్రవేత్త, ఒకడు కార్మికుడు. హెల్సింకీ రైల్వేస్టేషను హోటల్లో బీరు తాగుతూ పాస్‌పోర్టుల గురించీ, తిండి గురించీ, దేశభక్తి గురించీ మాట్లాడుకుంటారు. ఆయన బతికి వుండగా అది పుస్తకంగా రాలేదు, 1961లో వచ్చింది. ఆ ఇద్దరూ చేసేదేమీ లేదు. కాని స్వదేశంలో మామూలుగా ఒక బల్ల దగ్గర కూర్చోని రెండు వర్గాలవాళ్లు ప్రవాసంలో కూర్చున్నారు, హాస్యం వాళ్లను కూర్చోబెట్టింది.

సోమాలీల విషయంలో ఈ హాస్యం మరో పని కూడా చేస్తుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే వాళ్ల భాష సంగతి కొంత చెప్పాలి.

సోమాలీ భాషకు అధికార లిపి 1972 అక్టోబరులో ఏర్పడింది. అంతకుముందు అరబ్బీ లిపితో రాయాలా, లాటిన్‌తో రాయాలా, సొంత లిపితో రాయాలా అన్న తగాదా ఏళ్ల తరబడి తెగలేదు. 1974–75లో పట్టణాల్లో హైస్కూళ్లను ఏడాదిపాటు మూసి, విద్యార్థుల్నీ టీచర్లనూ పశువుల మందల వెంట తిరిగే సంచారజాతుల దగ్గరికి పంపి చదువు చెప్పించారు. ఆ పని చేసింది సియాద్ బర్రె సైనిక ప్రభుత్వం. ఆ ప్రభుత్వాన్ని గురించి తర్వాత ఎంత చెడ్డ చెప్పవలసి వచ్చినా ఈ మంచి చెప్పి తీరాలి. అయితే లిపి లేనంత మాత్రాన అంతకుముందు ఆ జాతికి సాహిత్యం లేదనుకుంటే పొరపాటు. సోమాలీ పద్యానికి మన యతి లాంటి నియమమొకటున్నది, కాకపోతే మనదానికన్న కఠినం. మనకు పాదం పాదానికీ యతి అక్షరం మారవచ్చు. వాళ్లు ఏ ధ్వనితో మొదలుపెడితే ఆ ధ్వనినే చివరిదాకా ప్రతి పాదంలోనూ మోయాలి. పద్యానికి పద్యంతో జవాబిచ్చేవాడు కూడా తరచు ఆ ధ్వనినే అందుకోవాలి. 1979లో గార్రియే అనే కవి ప్రభుత్వం తెగల పక్షపాతంతో నడుస్తున్నదని 'ద' ధ్వని మీద ఒక పద్యం చెబితే, 1980దాకా డజన్లకొద్దీ కవులు అదే ధ్వని మీద సమర్థిస్తూనో ఖండిస్తూనో పద్యాలు చెప్పారు. పత్రికలు ప్రభుత్వం చేతిలో వున్నాయి. పద్యాలు క్యాసెట్ల మీద చేతులు మారాయి. అది దేశమంతా ఒక బల్లచుట్టూ కూర్చుని చేసిన వాదన.

టోలీచౌకీ బల్ల దగ్గర పద్యాలు చెప్పుకోరు. కాని ఒకడు ఒక అక్షరంతో మొదలయ్యే మాటతో గుచ్చితే అవతలివాడు అదే అక్షరంతో మొదలయ్యే మాట కోసం తడుముకోటం, దొరికితే బల్లంతా చప్పట్లు కొట్టటం నేను రెండుమూడుసార్లు చూశాను. భాష రానివాడికి కూడా ఆట తెలిసిపోతుంది. వీళ్ల పరాచికానికి పెద్ద పద్యంతో చుట్టరికం వున్నది.

ఇక పలకరింపు. మనం "బాగున్నారా" అంటాం, బాగున్నామంటే సరిపోతుంది, బాగులేమంటే అడిగినవాడు ఇబ్బందిపడతాడు. మానవశాస్త్రజ్ఞుడు మలినోవ్‌స్కీ 1923లో ఇటువంటి పలకరింపుల్లో కబురేమీ వుండదనీ, మనిషికీ మనిషికీ ముడివేయటమే వాటి పని అనీ రాశాడు. ఆయన మాట సోమాలీ పలకరింపుకు సరిపోదని నా అభిప్రాయం. వాళ్లు 'ఇస్క వర్రన్' అంటారు, నీ వార్త చెప్పు అని. ఎడారిలో ఎదురుపడ్డ ఇద్దరికి వాన ఎక్కడ పడింది, గడ్డి ఎక్కడున్నది, ఏ బావి దగ్గర కొట్లాట జరుగుతున్నది అన్నది ప్రాణానికి సంబంధించిన వార్త. ఆ అలవాటు మినియాపోలిస్ లారీలోకి కూడా వచ్చింది. నైరోబీవాడు ఒక రోజు తన దుకాణాన్ని గురించి, "నా మేక ఈ నెల గడ్డి మానేసింది" అని హాస్యమాడాడు. అందరూ నవ్వారు. మేకకు పెళ్లి చెయ్యమని ఒకడు సలహా యిచ్చాడు. రెండు రోజుల తర్వాత మినియాపోలిస్‌నుంచి వాడికి డబ్బు చేరింది. అడగలేదు, ఇస్తామనలేదు. విదేశాల్లోని సోమాలీలు స్వదేశానికి పంపే డబ్బు ఏడాదికి వంద కోట్ల డాలర్లకు పైబడి వుంటుందని అంచనా. 1991లో ప్రభుత్వం కూలిన తర్వాత లక్షల కుటుంబాలు ఈ డబ్బు మీదే బతికాయి. అందులో ఎంత భాగం 'మేక గడ్డి మానేసింది' అన్న తీరులో కదిలిందో ఏ అర్థశాస్త్రవేత్తా లెక్కగట్టలేడు. అభిమానం గల మనిషి యాచించలేడు. హాస్యంలో పెట్టి చెబితే యాచన కాదు, వార్త.

ఆడవాళ్లు ఈ బల్ల దగ్గర లేరు. అమ్మాయిలు అద్దె ఇళ్లలోనే కూర్చుంటారు, వాళ్ల మాటలు నాకు వినపడే అవకాశం లేదు. అయితే ప్రవాసంలో సోమాలీ స్త్రీలు 'అయూతో' అని మన చిట్టీల లాంటిది నడుపుతారు. ఇటాలియనులో సహాయం అనే మాటనుంచి వచ్చిన పేరది, దక్షిణ సోమాలియా ఇటలీ కింద వుండేది గదా! నెలనెలా డబ్బు వేసి వంతులవారీగా తీసుకుంటారు. ఏ కాగితమూ వుండదు. ఎవరు నమ్మదగినవాళ్లో కబుర్లలోనే తేలుతుంది. మగవాళ్లది 'కూర్చుని యుద్ధం' అయితే వీళ్లది 'కూర్చుని బ్యాంకు' అని పొడుగాటి కుర్రవాడే అన్నాడు.

డబ్బు సంగతి కన్న నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటున్నది. కార్డిఫ్ పేరు వచ్చింది కాబట్టి మహమూద్ మత్తాన్ సంగతి చెబుతాను. సోమాలీ నావికులు పంతొమ్మిదో శతాబ్దంనుంచీ ఆ రేవులో వున్నారు. మత్తాన్ కూడా ఓడల్లో పనిచేసినవాడే. ఒక దుకాణదారు స్త్రీని హత్య చేశాడని అతని మీద కేసు పెట్టారు. కోర్టులో అతని తరపున వాదించవలసిన వకీలే అతన్ని సగం ప్రకృతి బిడ్డ అనీ, సగం నాగరికుడైన అనాగరికుడనీ వర్ణించాడు. 1952 సెప్టెంబరు 3న వురి తీశారు. 1998లో అప్పీలు కోర్టు ఆ తీర్పు చెల్లదని కొట్టివేసింది. అప్పటికి నలభై అయిదేళ్లు దాటినై.

ఈ కేసులో జాతి విద్వేషాన్ని గురించి చాలామంది చెప్పారు. నాకు ఆ వకీలు మాట దగ్గరే బుద్ధి ఆగిపోతుంది. పరాయి భాషలో మనిషి చిన్నవాడైపోతాడు. అన్నం, అద్దె, కాగితం, కూలి, వీటిని అడగటానికి సరిపడా మాటలు నేర్చుకుంటాడు. వాటితో హాస్యమాడలేడు. ఆడినా అవతలివాడికి అది తెలివితక్కువతనంగానో పొగరుగానో కనిపిస్తుంది. హాస్యం లేని మనిషిని పసివాడనుకోటం సులభం, మృగమనుకోటం కూడా సులభమే. లారీ నడిపే కుర్రవాడు గోదాముల దగ్గర రోజంతా యాభై ఇంగ్లీషు మాటలతో నెట్టుకొస్తాడు. ఫోనులో స్నేహితుల మధ్యకు వచ్చాక వాడు వెనకటి మనిషి అవుతాడు: అబద్ధాలకోరు, మాటకారి, బట్టతల గురించి ఎవరైనా అంటే తిప్పికొట్టగలవాడు. ప్రపంచంలో వాణ్ణి పూర్తి ఎత్తున చూసే చోటు అదొక్కటే. ఆ చోటుకు రోజూ రెండు గంటలు పోవటాన్ని కాలహరణం అనటానికి నాకిప్పుడు నోరు రాదు.

ఇంతదాకా వచ్చి ఆపేస్తే ఈ వ్యాసం కబుర్ల మీద ఒక స్తోత్రంగా మిగులుతుంది. ఆపటానికి వీల్లేదు. నేనొక తప్పు చేశాను, అది చెప్పాలి.

సోమాలీలలో ప్రతివాడికీ ఒక 'నానయ్స్' వుంటుంది. మారుపేరు. అది మొహమాటం లేకుండా శరీరాన్నో అలవాటునో పట్టుకుంటుంది. పదహారో శతాబ్దపు యోధుడు అహ్మద్‌ను 'గురేయ్' అన్నారు, ఎడమచేతివాటంవాడని. సియాద్ బర్రెను 'అఫ్‌వేనె' అన్నారు, నోరు పెద్దదని. 2017నుంచి 2022దాకా అధ్యక్షుడుగా వున్న మహమ్మద్ అబ్దుల్లాహి 'ఫర్మాజో' అనే పేరుతోనే ప్రపంచానికి తెలుసు. అది ఇటాలియనులో జున్ను. 2024 నవంబరులో సోమాలిలాండ్ అధ్యక్షుడుగా ఎన్నికైన ఆయన పేరు చివర 'ఇర్రో' అంటే నెరిసిన జుట్టువాడు. మన దేశంలో ఒక మంత్రిని అవిటితనాన్ని బట్టి పిలిస్తే పోలీసులు ఇంటికి వస్తారు. వాళ్లు ఎన్నికల ప్రచారంలో రాసుకుంటారు. ఇందులో ఒక ప్రజాస్వామ్యం వున్నది. ఎవడికీ మినహాయింపు లేదు.

మా బల్ల దగ్గర కూడా కుంటివాడు, జున్ను, పొడుగు, నిద్రమొహం, అందరికీ పేర్లున్నాయి. ఒక సన్నటి కుర్రవాణ్ణి మాత్రం 'పాయింట్ ఫైవ్' అనేవాళ్లు. ఇంగ్లీషు మాట కాబట్టి నాకు సులభంగా పట్టుబడింది. పొట్టివాడు గనక సగం అంటున్నారనుకున్నాను. ఒక సాయంత్రం వాడు రాగానే నేనే, "రావయ్యా పాయింట్ ఫైవ్" అన్నాను. బల్ల విరగబడి నవ్వింది. ముసలి మేష్టారు కూడా తమలో కలిశాడని వాళ్ల సంతోషం. ఆ కుర్రవాడూ నవ్వాడు. మరుసటి రోజునుంచి రాలేదు.

కారణం పొడుగాటి కుర్రవాడు చెప్పాడు, అదీ నేను రెండోసారి గుచ్చి అడిగితే. సోమాలియాలో 2000లో జిబూతీ దేశంలోని అర్తాలో జరిగిన సమావేశంనుంచీ పార్లమెంటు స్థానాలను 'నాలుగున్నర' లెక్కన పంచుతున్నారు. నాలుగు పెద్ద తెగల కూటములకు తలా ఒక వంతు. మిగిలిన వాళ్లందరికీ, అంటే బంటూ మూలాలవాళ్లు, తీరపట్టణాల పాత జాతులు, తోలుపనీ కమ్మరపనీ చేసేవాళ్లని వెలిగా వుంచిన కులాలు, వీళ్లందరికీ కలిపి అర వంతు. 2022 ఎన్నికల్లోనూ ఇదే లెక్క. ఆ కుర్రవాడి తాతలు కమ్మరులు. అటువంటివాళ్లకు పెద్ద తెగలవాళ్లు పిల్లనివ్వరు, వాళ్ల పిల్లను చేసుకోరు. 'పాయింట్ ఫైవ్' అంటే పొట్టివాడని కాదు.

సోమాలీలంతా ఒకే భాష, ఒకే మతం, ఒకే జాతి అని చదివి వున్నాను. చదివినదాన్ని బట్టే వాళ్ల మధ్య కులం వుండదనుకున్నాను. తెలుగువాడై పుట్టి ఇంత అమాయకంగా వుండటం నేరమే.

ఇక్కడ ఒక పాత జ్ఞాపకం. నేను పనిచేసిన కాలేజీలో, స్టాఫ్ రూములో, మా సహాధ్యాపకుడొకాయన ఏ పొరపాటు చేసినా, చాక్‌పీసు జారవిడిచినా సరే, "కోటా కదండీ" అని ఎవరో ఒకరు అనేవారు. ఆయనే ముందుగా నవ్వేవాడు. ఆయన నవ్వుతున్నాడు గనక అందులో తప్పేమీ లేదని ఇరవై ఏళ్లు అనుకున్నాం. నేను ఎన్నడూ ఆ మాట అనలేదు. కాని అన్నప్పుడల్లా నవ్వాను. రిటైరయ్యే సభలో అందరం ఆయన హాస్యప్రియత్వాన్ని పొగిడాం. ఆయన ఆ తర్వాత మాలో ఎవరి ఇంటికీ రాలేదు. ఎందుకు రాలేదో ఆ సన్నటి కుర్రవాడు బల్ల దగ్గరికి రావటం మానేసినప్పుడు నాకు తెలిసింది.

హాస్యానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్నకు అరిస్టాటిల్ జవాబు చెప్పాడు. రసజ్ఞుడు విదూషకుడికీ ముటముటలాడేవాడికీ నడుమ వుంటాడట. సంస్కారం గల స్వతంత్రుడి హాస్యం వేరు, బానిస స్వభావం గలవాడి హాస్యం వేరు అంటాడు. చాలా కాలం దీన్ని క్లాసులో చెప్పాను. చెప్పినన్నాళ్లూ ఆయన ఒక్కవైపునుంచే చూస్తున్నాడని గమనించలేదు. హాస్యమాడేవాడి మర్యాద గురించే ఆయన విచారమంతా. హాస్యానికి గురయ్యే బానిస ఆ విందులో గిన్నెలు అందిస్తూ వుంటాడు, అతని అభిప్రాయం ఆయన అడగలేదు. ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సాన్ 1900లో, నవ్వు సంఘం వేసే చిన్న శిక్ష, బిగుసుకుపోయినవాణ్ణి సరిచేస్తుంది అన్నాడు. బట్టతలను గురించి బిడియపడేవాడి బిగువును నవ్వు సడలిస్తుంది, నిజమే. కమ్మరి మనవణ్ణి దేన్నుంచి సరిచేస్తుంది?

నాకు తోచిన పరీక్ష ఒకటే. అన్నమాటను అదే తూకంలో తిరిగి అనగలడా? 'జున్ను' అన్నవాణ్ణి 'నిద్రమొహం' అని తిప్పికొట్టవచ్చు. లెక్క చెల్లు. 'సగం' అన్నవాణ్ణి ఏమని తిప్పికొట్టాలి? ఆ మాటకు జోడీ భాషలో లేదు. దాని వెనక పార్లమెంటు లెక్క వున్నది, పెళ్లిళ్లు కుదరకపోవటం వున్నది, తాతల కాలంనుంచి వెలిగా వుండటం వున్నది. అందుకే అనగలిగినవాడికి అది తేలికగా వుంటుంది. వాడు గాలిలోకి ఒక మాట విసురుతాడు, ఆ మాటను సంఘం మోసుకుపోయి అవతలివాడి నెత్తిన పడేస్తుంది. పెద్ద పద్యానికి పద్యంతో జవాబివ్వటం నేర్పిన జాతికి ఈ తేడా తెలియదనుకోను. జవాబుకు చోటులేని పద్యాన్ని వాళ్లు పద్యం కింద లెక్కించరు.

అయితే ఆ మాటలు నిషేధించవచ్చు గదా అని మన విద్యార్థి మిత్రులు అడుగుతారు. నిషేధించి చూశారు. సియాద్ బర్రె 1969లో అధికారానికి వచ్చి, మరుసటి ఏడు శాస్త్రీయ సోషలిజం ప్రకటించి, తెగలవాదం దిష్టిబొమ్మలను తగలబెట్టించి పాతిపెట్టించాడు. అంతవరకూ పరిచయం లేనివాణ్ణి కూడా 'ఇన అదేర్', అంటే బాబాయి కొడుకా, అని పిలిచే అలవాటుంటే దాన్ని మాన్పించి 'జాల్లె', కామ్రేడ్, అనమన్నాడు. మాట మారింది. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలోనే, తెగ అడగటం అనాగరికమని నేర్చుకున్న చదువుకున్నవాళ్లు దానికొక ఉపాయం కనిపెట్టి వున్నారు. 'నీ ఎక్స్ ఏమిటి?' అనేవాళ్లు. ఒకప్పటి తెగ ఏది అని! ప్రశ్న పోలేదు, దాని ముందు ఇంగ్లీషు ముక్క ఒకటి చేరింది. బర్రె తానే, తెగలను పాతిపెట్టినవాడే, తన తెగవాళ్లనూ తల్లివైపువాళ్లనూ అల్లుడివైపువాళ్లనూ చుట్టూ పెట్టుకుని పాలించాడు. 1988లో ఆయన విమానాలు హర్గేసా విమానాశ్రయంనుంచే లేచి హర్గేసా మీదే బాంబులు కురిపించాయి, ఆ వూరివాళ్ల తెగ ఏదన్నది చూసుకునే. 1991 జనవరిలో ఆయన పారిపోయాడు. మాటను చంపితే వస్తువు చస్తుందని నమ్మే సోషలిస్టులు ఇంకా వున్నారు గనక ఇంత వివరంగా రాయవలసి వచ్చింది.

అట్లా అని, కులం పోయినప్పుడే కులం పరాచికాలూ పోతాయి, అందాకా ఏం చేస్తాం అని చేతులు ముడుచుకోటం కూడా నాకు సమ్మతం కాదు. స్టాఫ్ రూములో ఇరవై ఏళ్లు నేను చేసింది అదే. అక్కడ చట్టం అవసరం లేదు. ఒక్కడు నవ్వకుండా వుంటే చాలు. నవ్వకుండా వుండటానికి ఖర్చవుతుంది: స్నేహం చెడవచ్చు, రసికత లేనివాడని పేరు రావచ్చు. ఆ పేరు రాకుండా చూసుకోటానికి మేం ఒక మనిషిని ఖర్చుచేశాం.

పొడుగాటి కుర్రవాణ్ణి తర్వాత ఒకసారి అడిగాను, ఆ పేరు పెట్టింది ఎవరని. చాలాసేపు చాయ్ కలిపాడు. "నేనే సర్. మేమిద్దరం ఒకే గదిలో వుండేవాళ్లం. వాడికి కోపం వస్తుందనుకోలేదు. రెండేళ్లు నవ్వాడు" అన్నాడు. నాకు చెప్పగల మాటేదీ దొరకలేదు. ఫోనులోనుంచి మినియాపోలిస్‌వాడు ఏదో అడుగుతున్నాడు. వీడు జవాబు చెప్పకుండా దాన్ని బోర్లా పెట్టాడు.

సన్నటి కుర్రవాణ్ణి రెండు నెలల తర్వాత జిరాక్సు దుకాణం దగ్గర చూశాను. తప్పు ఒప్పుకోవాలని నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకుని వున్నాను. రెండు చెప్పేసరికి ఆపమన్నట్టు చెయ్యి వూపి, తాను ఇప్పుడు కూర్చునే హోటలు పేరు చెప్పాడు. రెండు సందులు అవతల. అక్కడ వాడూ, ఇద్దరు సుడానీలూ, ఒక యెమెనీ, ఎదుటి మెకానిక్ షెడ్డులోని పాలమూరు కుర్రాడూ చేరతారు. ఎవరి భాషా ఎవరికీ పూర్తిగా రాదు. ఉర్దూ, అరబ్బీ, ఇంగ్లీషు ముక్కలతో గట్టిగా అరుచుకుంటారు. వారంలో రెండు రోజులు నేనూ పోతున్నాను. నేను లోపలికి అడుగుపెట్టగానే ఆ కుర్రవాడు సోమాలీలో ఒక మాట అంటాడు, అందరూ నవ్వుతారు, పాలమూరు కుర్రాడు అందరికన్న గట్టిగా. అది నాకు పెట్టిన నానయ్స్ అట. అర్థం ఇంతవరకు చెప్పలేదు.